కొండ కాఫీకి పథ్యం

చౌకగా దొరికిన దేన్నయినా మీరు ఎప్పుడైనా మందని నమ్మారా? తొందరపడి అవునని చెప్పకండి. సర్కారు దవాఖానలో ఊరికే ఇచ్చిన గోలీలను తెచ్చి ఏ గూట్లో పడేశారో, ఎక్కువ డబ్బు పోసి కొన్న పొడి డబ్బాను ఏ అల్మారాలో భద్రంగా దాచారో ఒక్కసారి గుర్తు తెచ్చుకుని, అప్పుడు చెప్పండి.

ఈ ప్రశ్నను నేను ఊరూరా అడిగినవాణ్ని. జనగామలో బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. కాలేజీ రోజుల్లోనే చర్చావేదికల్లో పడ్డాను. దేవుడున్నాడా లేడా అన్న వాదనలో తెల్లచొక్కా చెమటతో తడిసేదాకా అరిచిన వయసు అది. తర్వాత అరుపులు తగ్గించి చేతలకు దిగాను. నిప్పుల మీద నడిచి చూపించాను. నిమ్మకాయలోంచి నెత్తురు కార్చి, ఆ కిటుకేమిటో జనం ముందే విప్పి చెప్పాను. జఫర్‌గఢ్ దగ్గర ఒక ఊళ్లో పాముకాటుకు విభూతి పెట్టేవాడితో వాదనకు దిగి, ఆ ఊరివాళ్ల చేతిలోనే దెబ్బలు తినబోయి తప్పించుకున్నాను. ఇన్ని చేసినవాణ్ని మా అక్క సగం పాదం పోవడానికి కారణమయ్యాను. ఏ బాబా చేతా కాలేదా పని. నా చేత అయింది.

మొదలు కాఫీ దగ్గర. ఒక చలికాలం, అక్కడ పనిచేసే ఉపాధ్యాయ మిత్రుడు పిలిస్తే విశాఖ మన్యానికి వెళ్లాను. కొండ మీద ఒక కాఫీ తోట చూపించాడు. తోట అంటే మన మామిడితోటలా వరసల్లో ఉంటుందనుకున్నాను. అట్లా లేదు. పెద్ద పెద్ద చెట్లు, వాటికి ఎగబాకిన మిరియాల తీగలు, ఆ నీడన మనిషెత్తు కాఫీ మొక్కలు. ఆ తోట సాగు చేసుకునే ఒకామె నడుముకు బుట్ట కట్టుకుని పండ్లు ఏరుతోంది. ఒక్కో కొమ్మ దగ్గర ఆగి, ఎర్రబడినవాటినే తెంపి, పచ్చివాటిని వదిలేస్తోంది.

"కొమ్మంతా ఒకేసారి దూసేస్తే పనైపోతుంది కదమ్మా?" అన్నాను.

ఆమె నవ్వింది. "అలా దూస్తే సంతలో కాఫీ అవుద్ది బాబూ, మా కాఫీ అవదు. పచ్చిగింజ పడితే రుసి పాడు. ఇదే సెట్టుకాడికి మళ్లీ వారం రావాల. ఆ మీద వారం కూడా రావాల."

"మరి కొండ మీది కాఫీకి ఎందుకంత పేరు?"

"సలి బాబూ. కింద ఊళ్లలో పండు బేగి పండిపోద్ది. ఇక్కడ బేగి పండదు. నెమ్మదిగా పండితే గింజ గట్టిపడుద్ది."

తర్వాత నేను పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నదంతా ఆమె చెప్పిన ఆ నాలుగు ముక్కలకు వ్యాఖ్యానమే. ఎత్తు పెరిగేకొద్దీ గాలి చల్లబడుతుంది. చల్లటి రాత్రుల్లో కాయ తొందరపడదు. చెట్టు తన బలాన్ని నిదానంగా గింజలోకి దింపుకుంటుంది. అందుకే ఆ గింజలో చేదుతో పాటు సన్నటి పులుపు, పండు వాసన, చివర్లో ఒక తీపి ఉంటాయి. కోసిన పండ్లను నీళ్లతొట్టిలో పోస్తే మునిగినవి మంచివి, తేలినవి తాలు. మునిగినవాటి తోలు తీసి, జిగురు విడిచేదాకా నాననిచ్చి, కడిగి, ఎత్తయిన మంచెల మీద పల్చగా పరిచి, తిరగేస్తూ తిరగేస్తూ ఎండబెడతారు. వాన చినుకు పడితే పరుగు. మంచు దిగితే పరుగు. చూసి ఏరే చేతులకు, తిరగేసే చేతులకు, ఆగి ఆగి పండిన కాలానికి మనం ఇచ్చే ధర అది. అటువంటి కొండ కొంచెమే ఉంది, అటువంటి ఓపిక ఇంకా కొంచెమే ఉంది. అంతకు మించి అందులో మహత్తు ఏమీ లేదు.

ఆమె కాచి ఇచ్చిన కాఫీ తాగి, "మీ ఇంట్లో తాగేదీ ఇదేనా?" అని అడిగాను.

"మాకెక్కడిది బాబూ? మునిగినవి మీకు. తేలినవి మాకు."

ఆ మాటకు సిగ్గుపడి ఊరుకోవలసింది. నేను రెండు పెద్ద పొట్లాలు కొనుక్కుని బండెక్కాను. ఒకటి మా ఇంటికి, ఒకటి అక్కకు.

మా అక్కది బయ్యారం దగ్గర ఊరు. అక్కడి మట్టి ఇనుపతుప్పు రంగు. కాళ్లకు అంటితే ఒక కడుగుకు వదలదు. బావ పోయి చాలా ఏళ్లయింది. ఒక్కతే బిడ్డ, పెళ్లయి భూపాలపల్లిలో ఉంటుంది. అల్లుడు బొగ్గుబాయిలో పనిచేస్తాడు. అక్క మాత్రం ఊరు విడవలేదు. మిరప ఏరే కాలమంతా తోటలకు కూలికి పోయేది. "కాళ్లు ఆడినన్ని దినాలు ఒకల మీద పడ" అనేది. ఆమెకు షుగరు ఉంది. ఆశ కార్యకర్త నెలనెలా ఇంటికే వచ్చి గోలీలు ఇచ్చి పోయేది. అక్క బుద్ధిగా వేసుకునేది.

నేను పోయిన పొద్దున ఆమె వాకిట్లో ఇద్దరు ముగ్గురు కూచుని ఉన్నారు. వాళ్లలో దగ్గరి తండా నుంచి వచ్చే ఒకామె ఉంది. అక్కకు మిరప తోటలో జతకత్తె. నేనే పొయ్యి దగ్గర కూచుని కాఫీ దించాను. పాలు లేకుండా, చక్కెర లేకుండా, అసలు రుచి తెలియాలని. అందరికీ తలా ఒక గ్లాసు ఇచ్చాను.

అక్క ఒక గుక్క తాగి ముఖం ముడిచింది. "థూ! ఏందిరా తమ్మీ గిది? యాపరసం లెక్కుంది."

"జర ఆగక్కా. చేదు పోయినంక నాలిక మీద తీపి మిగుల్తది చూడు."

"నీ తీపి ఎప్పుడొస్తదో గని, పానమైతే పోతున్నది."

తండా ఆమె గ్లాసు పక్కన పెట్టేసింది. "సారూ, మేం గుట్టెక్కి ఇప్పపువ్వు ఏరుకొస్తె గవ్వకు కొనరు. నువ్వు గుట్ట మీదికెళ్ళి చేదు తెస్తె గిన్ని ముచ్చట్లా?"

అందరూ నవ్వారు. నాకు పౌరుషం వచ్చింది. ఉపన్యాసం అలవాటైన నోరు కదా, ఊరుకోలేదు. కొండ ఎత్తు, చలి, నెమ్మదిగా పండటం, ఎర్రటి పండునే ఏరటం, నీళ్లలో తేలినవి తీసెయ్యటం, అంతా చెప్పాను. ఎంత అరుదో చెప్పాను. ఎంత ఖరీదో, ఎంత పిరమో చెప్పాను. దేశదేశాల్లో దీన్ని ఎట్లా చప్పరిస్తూ తాగుతారో చెప్పాను. మూఢనమ్మకాల మీద మాట్లాడిన ఏ రోజూ ఆ వాకిలి అంత శ్రద్ధగా నా మాట వినలేదు. నాకు సంతోషం వేసింది.

అక్క గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకుంది. కళ్లు మూసుకుని మొత్తం తాగింది. తర్వాత అడిగింది: "తమ్మీ, దీనికి పత్తెం ఏమన్న ఉన్నదా?"

నేను పెద్దగా నవ్వాను. "ఎందుకు లేదక్కా! చక్కెర తగలద్దు, పాలు తగలద్దు. గదే పత్తెం."

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు.

పథ్యమంటే మా పల్లెల్లో ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా వైపు మందు ఒక్కటే మందు కాదు. మందుతో పాటు విడిచిపెట్టేవి ఉంటాయి. పసరు తాగితే వంకాయ ముట్టరు, గోంగూర ముట్టరు, నూనె తగలనివ్వరు. మందు ఎంత గట్టిదైతే విడిచేవి అన్ని ఎక్కువ. వాటన్నిటికంటే ముందు విడిచేవి ఇంగ్లీషు గోలీలు. "రెండు మందులు కడుపుల కొట్లాడతయి" అంటారు. ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. ఆషాఢం వచ్చిందంటే వాన పడాలన్నంత సహజంగా అందరికీ తెలుసు.

నాకూ తెలుసు. నాకు పన్నెండో ఏట పచ్చకామెర్లు వచ్చాయి. ఒక ముసలాయన పసరు పోశాడు. పథ్యం చెప్పాడు. ఉప్పు లేని, నూనె లేని సప్పిడి కూడు. నేను ఏడ్చి కంచం నెట్టేస్తే, అక్క తనూ అదే సప్పిడి కూడు కలుపుకుని నా ఎదురుగా కూచుంది. ఇంట్లో అందరూ మామూలుగా తింటుంటే మేమిద్దరమే ఆ ఉప్పులేని ముద్దలు మింగాం. "చూడు, నేను తింటలేనా?" అని ప్రతి ముద్దకూ అనేది. తర్వాత నేను ఆ కథను ఎన్ని సభల్లో చెప్పానో! చాలా కామెర్లు వాటంతటవే తగ్గుతాయనీ, పసరు చేసిందేమీ లేదనీ రుజువు చేయడానికి చెప్పేవాణ్ని. చప్పట్లు కొట్టేవారు. పథ్యం గురించి అంత తెలిసినవాణ్ని, అక్క నోటి నుంచి ఆ మాట వచ్చినప్పుడు నవ్వాను. ఆ ఒక్క క్షణంలో, "అక్కా, ఇది మందు కాదు, ఛాయ్ లాంటిదే, నీ గోలీలు మానకు" అని ఒక ముక్క అంటే సరిపోయేది. అనలేదు. చలోక్తికి నవ్వులు దొరికాక ఇంకో ముక్క ఎందుకు?

ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాణ్ని.

"కాఫీ తాగుతున్నవా అక్కా?"

"తాగుతున్న తమ్మీ. పొద్దుమాపు."

"అలవాటైందా?"

"చేదుకేమున్నది? తియ్యటి రోగానికి చేదే మొగుడు."

మంచి మాట అన్నదని మురిసిపోయాను. ఆ మాటను నా వ్యాసంలో వాడుకున్నాను కూడా. అవును, ఆ కాఫీ మీద ఒక వ్యాసం రాశాను. ఒక చిన్న పత్రికలో వచ్చింది. శ్రమ విలువ గురించి బాగా రాశారని కొందరు ఫోన్ చేశారు. నేను వ్యాసం దిద్దుకుంటున్న ఆ వారాల్లోనే మా అక్క ఇంట్లో గోలీల సంచి చూరుకు వేలాడుతూ ఉంది. ఆశ కార్యకర్త వచ్చి అడిగితే "ఏసుకుంటున్న బిడ్డా" అని చెప్పి పంపేది. పథ్యం పట్టినవాళ్లు దవాఖాన మనిషికి నిజం చెప్పరు. చెబితే మందు చెడుతుందని నమ్మకం.

మిరప తోటకు పోయే దారిలో ఒక రోజు పత్తికట్టె మోడు చెప్పులోంచి దిగబడింది. అక్కకు నొప్పి తెలియలేదు. షుగరు ముదిరితే కాళ్లలో స్పర్శ చచ్చిపోతుంది. ఆమె మాత్రం నొప్పి లేదంటే మందు పని చేస్తోందనుకుంది. గాయం మీద పసుపు పెట్టి, ఇంకో గ్లాసు కాఫీ తాగి, తోటకు పోయింది. అట్లా చాలా రోజులు.

చివరకు తండా ఆమె ఫోన్ చేసింది. "సారూ, మీ అక్క కాలు నల్లగైంది. వాసనొస్తున్నది. జల్ది రా."

జనగామలో దొరికిన రైలెక్కి మానుకోటలో దిగాను. మహబూబాబాద్‌ను మేమట్లాగే పిలుస్తాం. అప్పటికే తండా ఆమె, ఆమె కొడుకు కలిసి అక్కను ఆటోలో దవాఖానకు తెచ్చారు. చిన్న వయసు డాక్టరమ్మ కాలు చూస్తోంది.

"అవ్వా, షుగర్ గోలీలు వేసుకుంటున్నవా?"

ఇంత అయ్యాక ఇక దాచదలచుకోలేదేమో, అక్క నిజమే చెప్పింది. "లేదు బిడ్డా. మందు వాడుతున్న గద, గోలీలెట్ల ఏసుకుంట?"

"ఏం మందు?"

అక్క నా వైపు చెయ్యి చూపించింది. కాలు కుళ్లి ఒళ్లు కాలిపోతున్న ఆ జ్వరంలో కూడా ఆమె ముఖంలో గర్వం. "మా తమ్ముడు తెచ్చిండు. కొండ మీదికెళ్ళి. శాన పిరం."

డాక్టరమ్మ నన్ను చూసింది. "ఏం మందు సార్?"

"కాఫీ" అన్నాను.

ఆమె తల వంచుకుని చీటీ మీద రాసుకుంది. వరంగల్‌కు తీసుకుపొమ్మంది.

బయట వసారాలో తండా ఆమె నాతో అన్నది: "నేను మొత్తుకున్న సారూ. గోలీలు బంజెయ్యకక్కా, మా తండాల గిట్లనే ఒకాయన కాలు పోయింది అని చెప్పిన. మీ అక్క ఏమన్నదో ఎరుకనా? 'మా తమ్ముడు దేవుణ్నే నమ్మడు. గసొంటోడు గీ కాఫీని నమ్మిండు. ఊకెనే నమ్ముతడా?' అన్నది."

ఆ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. ఇంకా ఆలోచిస్తున్నాను. నలభై ఏళ్లు నేను కాదనడమే పనిగా పెట్టుకున్నాను. తాయెత్తు కాదన్నాను, విభూతి కాదన్నాను, ముడుపు కాదన్నాను. కాదని చెప్పడంతో నా పని అయిపోయిందనుకున్నాను. మా అక్క నా కాదులన్నీ ఒక్కొక్కటిగా దాచిపెట్టుకుంది. నేను మొదటిసారి అవునన్న వస్తువు వచ్చేసరికి, ఆ కాదుల బరువంతా దాని వెనక నిలబడింది. బాబా ఇచ్చి ఉంటే ఆమె సగం అనుమానంతో గోలీలు కూడా వేసుకునేదేమో. ఇచ్చింది నేను. అందుకే పూర్తిగా నమ్మింది. నేను ఆమెకు ప్రశ్నించడం నేర్పలేదు. నన్ను నమ్మడం నేర్పాను. ఊళ్లో బాబా చేసేది కూడా అదే కదా?

కాఫీ తప్పేమీ లేదు. కొండమీది ఆ తల్లి చేతుల తప్పు అసలే లేదు. అది మంచి కాఫీ. కాఫీ మాత్రమే.

వరంగల్‌లో మొదట రెండు వేళ్లు తీశారు. నిలవలేదు. తర్వాత సగం పాదం తీశారు. ప్రాణం దక్కింది. కోలుకున్నాక బిడ్డ ఆమెను భూపాలపల్లి తీసుకుపోయింది. బయ్యారం ఇంటికి తాళం పడింది. మిరప ఏరే మనిషి ఇప్పుడు గోడ పట్టుకుని బాత్రూం దాకా నడుస్తుంది. అల్లుడు మంచివాడే. కానీ ఆమె కూచున్న చోటు నుంచి ఎవరినీ నీళ్లు అడగదు. దాహమైతే ఎవరైనా అటు వచ్చేదాకా ఆగుతుంది.

పోయిన నెల భూపాలపల్లి వెళ్లాను. ఈసారి నవ్వకుండా, చలోక్తి వేయకుండా, చెప్పవలసింది చెప్పాలని వెళ్లాను. ఆమె మంచం పక్కన పీట వేసుకుని కూచున్నాను.

"అక్కా, గది మందు కాదు. వట్టి కాఫీ. నువ్వు పత్తెం అడిగిన్నాడే నేను చెప్పాల్సింది. చెప్పలే. తప్పు నాది."

ఆమె కట్టుకట్టిన కాలి మీద చీర సర్దుకుంది. "ఊకో తమ్మీ. నీ తప్పేంది? నేనే పత్తెం తప్పిన."

"ఏం తప్పినవ్?"

"తోట కాడ సద్దిగిన్నెల వంకాయ కూర. ఎరుక లేక ఒక ముద్ద తిన్న. గందుకే ఎదురు తిరిగింది."

"అక్కా! వంకాయతోటి కాదు. గోలీలు బంజేసినవ్, గందుకు..."

"నువ్వు చిన్నప్పటికెళ్ళి అన్నిటిని కాదంటవ్" అన్నది మెల్లగా. "నీ చేతి మందును గూడ కాదంటవా?"

వేదికల మీద ఎందరి నోళ్లో మూయించినవాణ్ని, నన్ను కాపాడటానికి తన కాలి నేరం తనమీదే వేసుకుంటున్న ముసలామెతో వాదించలేకపోయాను. ఆ పొట్లంలో ఏమైనా మిగిలిందా, ఉంటే ఇచ్చెయ్యి అన్నాను.

"లేదు. నా సామాన్లతోటి ఈడికొచ్చింది, పక్కింటామెకు ఇచ్చిన. పాపం, ఆమెకు గూడ షుగరే. నా లెక్క చేయకు, పత్తెం గట్టిగ పట్టు అని చెప్పిన."

లేచి పరుగెత్తాను. పక్కింటి తలుపు కొట్టాను. యాభై దాటిన ఆమె చేతి తడి కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. గోలీలు వేసుకుంటున్నావా అని అడిగితే, ముందు అవునన్నది. చూపించమన్నాను. గూట్లోంచి తెచ్చింది. అట్టలో ఒక వరస ఖాళీ, మిగతా అంతా నిండు.

"బంజేసి ఎన్ని రోజులైందమ్మా?"

ఆమె నేల చూపు చూసింది. "ఎనిమిది దినాలైతుందన్నా. మీ అక్కకు పడలేదు గని, నాకు పడతదేమో అని..."

ఆమె భర్త డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆ గడప మీదే కూచున్నాను. ఇద్దరికీ చెప్పాను. ఈసారి కొండ గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. మరుసటి రోజు ముగ్గురం కలిసి దవాఖానకు పోయి రక్తం చూపించుకుని వచ్చాం. ఆమె ఇవాళ కూడా గోలీ వేసుకుందో లేదో నాకు తెలియదు. అడగడం మానితే అసలే తెలియదు. అందుకే రోజూ ఫోన్ చేస్తున్నాను.

ఇది చదివి అయ్యో అనకండి. మీ అయ్యో మా అక్కకు అక్కరలేదు. పుస్తకం కింద పెట్టి లేవండి. మీ ఇంట్లో షుగరో బీపీయో ఉన్న మనిషి దగ్గరికి నడవండి. దూరాన ఉంటే ఇప్పుడే ఫోన్ చేయండి. "గోలీలు వేసుకుంటున్నావా" అని అడిగితే అందరూ అవుననే చెబుతారు. అట్లా అడగకండి. అట్ట తీసుకురమ్మని తిప్పి చూడండి. "ఇంకేమన్న మందు వాడుతున్నవా? దానికి పత్తెమేంది?" అని వాళ్ల మాటలోనే అడిగి, నవ్వకుండా, చివరి దాకా వినండి. చెప్పు విప్పించి అరికాలు చూడండి, వేళ్ల సందులు చూడండి. గోలీలు మానేసి ఉంటే తిట్టకుండా చెయ్యి పట్టుకుని దవాఖానకు తీసుకుపోండి. రేపు కాదు. ఇవాళే పోండి.